తెరమీది ప్రయోగశాల: ఫెట్ అనుకరణల గుణదోషములు

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున బౌల్డరు అను పట్టణము కలదు. 1995 వ సంవత్సరములో అచట కార్ల్ వీమన్, ఎరిక్ కార్నెల్ అను శాస్త్రజ్ఞులు సుమారు రెండువేల రుబీడియము పరమాణువులను, కెల్విన్ మానములో ఒక డిగ్రీయందలి పదిలక్షలవ వంతు కన్న తక్కువ ఉష్ణోగ్రతకు చల్లార్చి, అవి యన్నియు ఒకే క్వాంటమ్ స్థితిలో నుండునట్లు చేయగలిగిరి. మన సత్యేంద్రనాథ్ బోస్ 1924 లో వ్రాసి పంపిన వ్యాసమును ఆధారముగా గొని ఐన్‌స్టీన్ ఊహించిన పదార్థస్థితి ఇదియే. డెబ్బది సంవత్సరములు కాగితముమీదనే యుండిన ఊహ ఆనాడు ప్రయోగశాలలో కంటికి కనిపించెను. ఇందులకై 2001 లో ఈ యిరువురకును, వోల్ఫ్‌గాంగ్ కెటెర్లె అను మరియొక శాస్త్రజ్ఞునకును నోబెల్ బహుమానము లభించినది.

అంతటి బహుమానము పొందినవాడు మరుసటి యేడు, అనగా 2002 లో, ఒక వింత పని చేసెను. కొలరాడో విశ్వవిద్యాలయములో, విద్యార్థులు కంప్యూటరు తెరమీద ప్రయోగములు చేసికొనుటకు అనువైన అనుకరణలను తయారుచేయు కార్యక్రమము నొకదానిని ప్రారంభించెను. దాని పేరు 'ఫెట్'. భౌతికశాస్త్ర విద్యకు సాంకేతిక విజ్ఞానము అను అర్థమిచ్చు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములతో కూర్చిన పేరిది. ఇప్పుడు రసాయన, జీవ, గణితశాస్త్రములకు సంబంధించినవి కూడ చేరి, వీటి సంఖ్య నూటయేబది దాటినది. ఇంటర్నెట్టులో ఎవరైనను పైసా చెల్లింపకుండ వీనిని వాడుకొనవచ్చును.

వీమన్ ఈ పనికి పూనుకొనుటకు ఒక కారణము ఆయనయే వ్రాసియున్నాడు. తన ప్రయోగశాలలో పరిశోధనకు చేరు విద్యార్థులు పదునేడు సంవత్సరములు తరగతులలో కూర్చుండి, పరీక్షలలో మేటిగా ఉత్తీర్ణులై వచ్చినవారే. ఐనను పరిశోధన యనగానే ఏమి చేయవలెనో వారికి తోచెడిది కాదట. రెండు మూడేండ్లు ప్రయోగశాలలో పనిచేసిన పిమ్మట వారే నిపుణులయ్యెడివారు. కనుక లోపము విద్యార్థులయందు లేదు, తరగతిగదియందున్నది అని ఆయన తలచెను. మన కళాశాలలలో పాఠము చెప్పువాడెవడును ఈ మాటకు ఉలికిపడనక్కరలేదు. ప్రతి జూన్ నెలలోను మనము చూచునదే.

ఈ రోజులలో ఉపాధ్యాయుల శిక్షణ తరగతులలో ఇట్టి సాధనములను గూర్చి చెప్పునపుడు ఒక పద్ధతి పాటింపబడుచున్నది. ఒక గంటలో ఇరువది పేర్లు తెరమీద చూపుదురు. ఇరువది చిరునామాలు వ్రాసికొమ్మందురు. భోజనమునకు వేళ యగును. సాయంకాలమున కా కాగితము జేబులో నలిగిపోవును. అందుచేత నేను ఇరువదింటిని వదలి ఒక్కదానినే తీసికొని, అందలి రెండు మూడు అనుకరణలను మాత్రమే నిదానముగ పరిశీలింప దలచితిని. వీనిని మూడు సంవత్సరములుగా నా తరగతులలో వాడుచున్నాను. వీనివలన నాకు కలిగిన మేలును, చికాకును రెండును చెప్పెదను.

మొదట విద్యుత్ వలయముల అనుకరణ. తెరకు ఒక ప్రక్కన తీగలు, బ్యాటరీలు, బల్బులు, నిరోధములు, స్విచ్చులు వరుసగా నుండును. వేలితోనో మౌసుతోనో లాగి నడుమ పెట్టి, కొనకు కొన కలిపినచో వలయము పూర్తియగును, బల్బు వెలుగును. తీగలలో ఎలక్ట్రానులు నీలిరంగు గుండ్లవలె వరుసగా కదలుచుండును. అమ్మీటరు, వోల్టుమీటరు కావలసిన చోట తగిలింపవచ్చును. బ్యాటరీ రెండు కొనలను ఒట్టి తీగతో కలిపినచో దానినుండి మంటలు లేచును. తీగలకు బదులు పెన్సిలు, నాణెము, రబ్బరుముక్క, మనిషి చేయి, తుదకు ఒక కుక్కను కూడ వలయములో చేర్చి, ఏది విద్యుత్తును పోనిచ్చునో ఏది పోనీయదో చూడవచ్చును.

ఇందు నేను అన్నిటికన్న మిన్నగా భావించునది ఆ నీలిగుండ్ల వరుస. కారణము మన భాషలోనే యున్నది. మన యిండ్లలో 'కరెంటు' అను మాట ఎట్లు వాడబడుచున్నదో చూడుడు. కరెంటు వచ్చును, కరెంటు పోవును. అంతేకాదు, పాత ఫ్రిజ్జు ఎక్కువ కరెంటు కాల్చును. కట్టెలు కాలినట్లు, కిరసనాయిలు కాలినట్లు, కరెంటు కూడ కాలును! ఈ మాటతో పెరిగిన పిల్లవాడు తరగతికి వచ్చి, బల్బులోనికి పోయిన విద్యుత్ ప్రవాహములో కొంత అచటనే కాలిపోయి, మిగిలినది మాత్రమే బయటికి వచ్చునని నమ్మును. రెండు బల్బులను శ్రేణిలో కలిపినచో మొదటిది ఎక్కువగాను, రెండవది తక్కువగాను వెలుగునని చెప్పును. ఈ పొరపాటు ఒక్క మనకే పరిమితము కాదు. భౌతికశాస్త్ర బోధనమును పరిశోధించినవారు దీనిని దేశదేశములలో గుర్తించిరి. కాని మన భాష ఆ పొరపాటుకు పీట వేసి కూర్చుండబెట్టినది. కాలునది శక్తియే గాని ప్రవాహము కాదని నల్లబల్లమీద పదిసార్లు వ్రాసినను, ఇంటికి పోగానే తల్లిదండ్రుల మాట ఆ వ్రాతను తుడిచివేయును.

తెరమీదనో, పిల్లవాడు బల్బుకు ఈ ప్రక్కన ఒక అమ్మీటరు, ఆ ప్రక్కన ఒక అమ్మీటరు ఉంచును. రెండును ఒకే సంఖ్యను చూపును. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, పది ఓముల బల్బు ఐనచో రెండుచోట్లను 0.9 ఆంపియరే. గుండ్లను లెక్కించినను అంతే. లోనికి పోయినన్ని బయటికి వచ్చుచున్నవి. నా తరగతిలో ఒక విద్యార్థిని దీనిని చూచి చాలసేపు మాటాడక, "ఐతే కాలిపోయేది ఏమిటండీ?" అని అడిగినది. ఆ ప్రశ్న పుట్టుటయే పాఠము. పాఠ్యపుస్తకములో జవాబు ముందు వచ్చును, ప్రశ్న అభ్యాసములలో వచ్చును. ఇచట ఆ వరుస తారుమారైనది.

ఇక దోషములు. ఆ గుండ్లు తెరమీద చూచుచుండగనే తీగ వెంట సాగిపోవును. నిజమైన తీగలో ఎలక్ట్రానులు ఇట్లు పరుగెత్తవు. ఒక చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగలో ఒక ఆంపియరు ప్రవాహమున్నపుడు, ఎలక్ట్రానుల అపసర వేగము సెకనుకు మిల్లీమీటరులో పదునాల్గవ వంతు మాత్రమే. ఒక మీటరు దూరము పోవుటకు ఇంచుమించు మూడుగంటల ముప్పావు పట్టును. మరి స్విచ్చి వేయగానే దీపమెట్లు వెలుగుచున్నది? తీగలోని ఎలక్ట్రానులన్నియు ఒక్కసారి కదలుటవలన. ఈ సంగతిని తెర చక్కగా చూపుచున్నది. గుండ్లన్నియు కలిసి బయలుదేరును. కాని వేగము విషయమున చూపునది చిత్రము మాత్రమే. రూపకర్తలను ఇందులకు నిందింపను. నిజమైన వేగమునే చూపినచో గంటసేపు చూచినను తెరమీద ఏమియు కదలినట్లుండదు. అయితే చిత్రమునకును వస్తువునకును గల యెడమును చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. అతడు చెప్పకపోయినచో అనుకరణ ఒక పొరపాటును తొలగించి ఇంకొకదానిని నాటిపోవును.

బల్బు సంగతి ఇంతకన్న గట్టిది. అనుకరణలో మొదట మన చేతికి వచ్చు బల్బు ఎంత వేడెక్కినను పది ఓముల నిరోధముగనే యుండును. నిజమైన టంగ్‌స్టన్ తీగ బల్బు ఇట్లుండదు. చల్లగానున్నపుడు దాని నిరోధము, తెల్లగా వెలుగుచున్నపుడుండు నిరోధములో సుమారు పదవ వంతు. అందుచేత అట్టి రెండు బల్బులను శ్రేణిలో కలిపినపుడు, తెరమీద వలె ప్రవాహము సరిగా సగమునకు దిగదు. ఒక్కొక్క బల్బుకు వోల్టులు సగమైనవి గనుక తీగ తక్కువ వేడెక్కి, నిరోధము తగ్గి, ప్రవాహము సగము కన్న స్పష్టముగా ఎక్కువ వచ్చును. అట్లే తెరమీది బ్యాటరీకి, మనము మార్చనంతవరకు, అంతర్నిరోధమే లేదు. సమాంతరముగా ఎన్ని బల్బులు తగిలించినను మొదటి దాని వెలుగు తగ్గదు. అంగడిలో కొన్న సెల్లుతో మూడవ బల్బు తగిలింపగానే మొదటివి రెండును మసకబారును. అంతర్నిరోధమును పెంచు మీట అనుకరణలోనే యున్నది; కాని అది లోపలి పెట్టెలో నుండుటచే విద్యార్థి తనంత తాను దానిని తెరవడు. నేను మాత్రము రెండవ రోజున ఆ మీటతోనే పాఠము మొదలుపెట్టుదును.

ఈ సందర్భమున ఒక చిన్న సంఘటన. వారము రోజులు తెరమీద వలయములు కట్టిన పిమ్మట, మా పిల్లలకు నిజమైన సెల్లులు, టార్చి బల్బులు, తీగలు ఇచ్చితిని. (తీగ బల్బులు దొరకుట ఇప్పుడు కష్టమగుచున్నది, ఎక్కడ చూచినను ఎల్.ఇ.డి. లే. వానిని ఒక వైపుననే తగిలించవలెను గనుక మొదటి పాఠమునకు అవి పనికిరావు.) ఒక కుర్రవాడు సెల్లు రెండు కొనలను తీగతో కలిపి కొంతసేపు చూచి, "సార్, ఇది అంటుకోలేదేమిటండీ?" అని అడిగెను. అంతలో తీగ వేడెక్కి వేలు చురుక్కుమనగా విడిచిపెట్టెను. తెర అతనికి మంటను చూపినది, వేడిని చూపలేకపోయినది. ఇంకొక సంగతి కూడ ఆనాడే నాకు తట్టినది. అనుకరణలో చేతిని వలయములో పెట్టిన పిల్లవాడు, ఇంటిలోని 230 వోల్టుల ప్లగ్గును గూర్చి ఏమనుకొనును? తొమ్మిది వోల్టులకు ఏమియు కాకపోవుట నిజమే. ఆ నిజమును ఇంటికి మోసికొనిపోకుండ అదే రోజున హెచ్చరించుట అవసరము.

అనుకరణ మేలా, నిజమైన పరికరము మేలా అను ప్రశ్నమీద కొలరాడోలోనే ఒక పరిశోధన జరిగినది. నోవా ఫింకెల్‌స్టీన్, ఆయన సహచరులు 2005 లో దానిని ప్రకటించిరి. ఒక విద్యార్థుల గుంపు విద్యుత్ వలయముల ప్రయోగమును నిజమైన సామగ్రితో చేసెను. మరియొక గుంపు పైన చెప్పిన అనుకరణతోనే చేసెను. తరువాత రెండు గుంపులకును నిజమైన సామగ్రి యిచ్చి ఒక వలయమును కట్టి వివరింపుమనిరి. అనుకరణ గుంపువారే మెరుగుగా చేసిరి. పరీక్షలో భావనలకు సంబంధించిన ప్రశ్నలకును వారే మెరుగుగా జవాబు వ్రాసిరి. ఆశ్చర్యకరమైన ఫలితమే. పాఠశాలలకు కంప్యూటర్లు అమ్మువారికి ఇది మిక్కిలి రుచించును.

ఐతే దీనినుండి మనము ఎంత తీసికొనవచ్చును? ఆ విద్యార్థులు తరువాత నిజమైన సామగ్రిని చేతబట్టిరి. అది వారికి అందుబాటులో నున్నది. రంగు తొడుగుల తీగలలో చిక్కుకొని, వదులైన కొనలను సరిచేసికొనుటలో కాలము గడపిన గుంపు కన్న, భావనమీదనే మనస్సు నిలిపిన గుంపు భావనను బాగుగా గ్రహించినది. ఇంతవరకు న్యాయమే. ప్రయోగశాలయే అక్కరలేదన్న మాట ఆ పరిశోధనలో లేదు. కాని మన చోట అట్లు చదువువారున్నారు. నేను పరీక్షకుడుగా పోయిన ఒక చోట, పేరు చెప్పనక్కరలేదు, భౌతికశాస్త్రపు బీరువాకు తాళము వేసియున్నది. తాళపుచెవి ఎవరివద్ద నున్నదో ఎవరికిని తెలియదు. అడుగగా, "ఇప్పుడన్నీ తెరమీదే చూపిస్తున్నామండీ" అనిరి. మీటరు బ్రిడ్జి, టాన్‌జెంటు గాల్వనోమీటరు, రెండు డజనుల స్ప్రింగు త్రాసులు ఆ బీరువా అద్దములోనుండి నాకు కనిపించుచునే యున్నవి. ఏమియు లేని పాఠశాలకు ఫెట్ ఒక వరము. ఉన్నదానిని మూసివేయుటకు అది ఒక సాకు కారాదు. నాకు ఈ సాధనముమీద గల భయములలో పెద్దది ఇదియే. అది సాధనము దోషము కాదని నాకు తెలియును. ఐనను బీరువా మూసియున్నంతవరకు, దోషమెవరిదన్న విచారము అక్కడి పిల్లలకు ఒరగబెట్టున దేమియు లేదు.

రూపకర్తల పనితనమును గూర్చి ఒక మాట. ఒక్కొక్క అనుకరణను విడుదల చేయుటకు ముందు, వారు విద్యార్థులను ఒక్కొక్కరినే కూర్చుండబెట్టి, ఏ సూచనయు ఇయ్యక, మనస్సులో తోచినది పైకి చెప్పుచు వాడుమందురు. ఎక్కడ తడబడుదురో, దేనిని తప్పుగా అర్థము చేసికొందురో వ్రాసికొని, అనుకరణను మార్చుదురు. మన పాఠ్యపుస్తకముల చిత్రములను అచ్చుకు ముందు పది మంది పిల్లలకు చూపి, "ఇందులో నీకేమి కనిపించుచున్నది?" అని అడిగినచో ఎంత బాగుండును! ఇంకొకటి. విద్యార్థిచేతికి అడుగడుగునకు సూచనలుగల కాగితమిచ్చినచో అతడు ఆ అడుగులు మాత్రమే వేసి ఆగునని, ఒకటి రెండు పెద్ద ప్రశ్నలిచ్చి వదలినచో ఎక్కువ వెదకునని వారి పరిశోధనలలో తేలినది. మన దేశములో అమృత విశ్వవిద్యాపీఠమును, సి-డాక్ సంస్థయు కలిసి తయారుచేసిన 'ఓలాబ్స్' దీనికి వేరైన త్రోవ త్రొక్కినది. అందు సిద్ధాంతము, విధానము, అనుకరణ, వీడియో, మౌఖిక ప్రశ్నలు అని మన రికార్డు పుస్తకపు వరుసలోనే అన్నియు నున్నవి. తొమ్మిది మొదలు పండ్రెండవ తరగతి వరకు మన సిలబసునకు అది సరిపోవును; పరీక్షకు ముందు చూచుకొనుటకు ఉపయోగపడును. కాని పిల్లవానికి దారి తప్పుటకు అందు అవకాశము తక్కువ. దారి తప్పనివానికి ప్రశ్న పుట్టుట అరుదు.

స్థిర విద్యుత్తును గూర్చిన రెండు అనుకరణలు నాకు నవ్వు పుట్టించినవి. ఒకదానిలో బుడగను ఉన్ని స్వెటరుకు రుద్దవలెను. రెండవదానిలో ఒక మనిషి కాలిని తివాచీమీద రాచి, తలుపు పిడిని తాకగా చిటుక్కున మెరుపు పుట్టును. ఆ అనుకరణ పేరులోనున్న చమత్కారము అమెరికా సినిమా నటు నొకని నెరిగినవారికి గాని తెలియదు, అది పోనిండు. చలికాలమున వెచ్చబెట్టిన గదులలోని పొడిగాలి యందు ఆ దేశమువారికి ఈ అనుభవము రోజును కలుగును. కాకినాడలోనో మచిలీపట్టణములోనో పెరిగిన పిల్లవానికి తలుపు పిడి ఎన్నడును చురుక్కుమనలేదు. సముద్రపు తేమగాలిలో ఆవేశము నిలువదు. అందుచేత అతనికి ఆ చిత్రము ఒక కట్టుకథ. అదే పిల్లవాడు సంక్రాంతి రోజులలో, తలకు నూనె లేనపుడు, ప్లాస్టిక్ దువ్వెనతో కాగితపు ముక్కలను ఎగురవేసియుండును. పాఠము ఆ దువ్వెనతో మొదలుపెట్టి, ఆవేశములెట్లు కదలినవో చూపుటకు మాత్రము తెరను తెరచినచో స్వెటరు కూడ పనికివచ్చును.

అనువాదమును గూర్చి చెప్పవలసినది కొంత కలదు. తెరమీది మాటలను తమతమ భాషలలోనికి మార్చుటకు స్వచ్ఛందముగా వచ్చువారి కొరకు ఫెట్‌వారు ఒక సదుపాయము కల్పించిరి. ఉపాధ్యాయులెవరైనను ఈ పనిచేయవచ్చును. కాని చేయునపుడు జాగ్రత్త కావలెను. మన పాఠ్యపుస్తకములలో 'వడి' వేరు, 'వేగము' వేరు. ఒకదానికి దిశ లేదు, రెండవదానికి కలదు. వాడుకలో రెండును ఒకటే. అట్లే బలము, శక్తి, సామర్థ్యము అను మూడు మాటలను వీధిలో ఒకదానికి బదులొకటి వాడుదుము. తెరమీద చోటు చిన్నది గనుక అనువాదకుడు పొట్టిమాటను ఏరుకొనును. ఆ పొట్టిమాట తప్పుమాట ఐనచో వేలమంది పిల్లలు దానినే నేర్తురు. 'కరెంటు' అని వ్రాయవలెనా, 'విద్యుత్ ప్రవాహము' అని వ్రాయవలెనా? నేనైతే రెండవదే వ్రాయుదును, ఎంత పొడవైనను. కారణము పైన చెప్పితిని.

ఇట్టి సాధనముల ఆయుర్దాయమును గూర్చియు ఆలోచింపవలసియున్నది. ఫెట్‌లోని తొలి అనుకరణలు జావా, ఫ్లాష్ అను పద్ధతులలో తయారైనవి. 2020 వ సంవత్సరాంతమున ఫ్లాష్‌కు దాని యజమానులే స్వస్తి చెప్పిరి. ఆ పద్ధతిలో నున్న విద్యాసాధనములు ప్రపంచమంతట ఒక్కసారిగ మూగపోయినవి. ఫెట్‌వారు ముందుగనే మేల్కొని తమ అనుకరణలను కొత్తపద్ధతిలోనికి మార్చుచు వచ్చుటచే వానిలో పెక్కు నిలిచినవి. గణితోపాధ్యాయులకు సుపరిచితమైన జియోజీబ్రా కథ ఇంకొక విధము. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ అను విద్యార్థి 2001 ప్రాంతమున తన పట్టపు చదువులో భాగముగా మొదలుపెట్టిన పనియది. త్రిభుజము మూలను లాగినచో లంబకేంద్రము ఎట్లు కదలునో అంత చక్కగా చూపునది మరియొకటి నేను చూడలేదు. 2021 లో దానిని మన దేశపు బైజూస్ సంస్థ కొనెను. 2024 లో ఆ సంస్థపైననే దివాలా విచారణ ప్రారంభమైనది. ఉచితముగా వచ్చినదానిమీద పాఠమంతయు కట్టుకొను ఉపాధ్యాయునకు ఈ సంగతులు తెలిసియుండుట మంచిది. ఫెట్‌లోని ఒక్కొక్క అనుకరణను ఒకే ఫైలుగా దింపుకొని, ఇంటర్నెట్టు లేకయే నడుపవచ్చును. నా దగ్గర ఒక పెన్‌డ్రైవులో పదునాలుగు కలవు. మా కళాశాలలో నెట్టు లేని రోజులలో, అనగా వారములో సగము రోజులు, అవియే దిక్కు.

చివరగా లోలకము. ఇందు నా ఫిర్యాదు, నా మెప్పు రెండును ఒకేచోట కలియుచున్నవి.

మన ప్రయోగశాలలలో లోలకపు ప్రయోగము ఎట్లు జరుగునో చెప్పుటకు కొంత సిగ్గు కలుగును. దారపు పొడవు కొలిచి, ఇరువది డోలనములకు పట్టిన కాలము వ్రాసి, గురుత్వ త్వరణమును లెక్కగట్టవలెను. విద్యార్థికి జవాబు ముందే తెలియును: 980. కనుక అతడు క్రిందినుండి మీదికి లెక్క చేయును. జవాబునుండి ఆవర్తన కాలమును, దానినుండి ఇరువది డోలనముల కాలమును రాబట్టి, నమ్మకము కలుగుటకు అచ్చటచ్చట అర సెకను మార్చి వ్రాయును. నేను దిద్దిన రికార్డులలో 979 కి తక్కువ, 981 కి ఎక్కువ చూచిన జ్ఞాపకము లేదు. చేతితో నొక్కు గడియారమున సెకనులో అయిదవ వంతు తడబాటు ఎవరికైనను తప్పదు గదా! మా పిల్లలకు మాత్రము తప్పినది. ఈ అబద్ధమును నేర్పినవారము మనమే. 950 వచ్చినదని నిజము వ్రాసినవానికి మార్కులు తగ్గించితిమి. 980 అని అబద్ధము వ్రాసినవానికి పూర్తిగా వేసితిమి.

ఫెట్ లోలకములో పొడవు, బరువు, ఘర్షణ మార్చవచ్చును. చంద్రునిమీదికో, గురుగ్రహముమీదికో లోలకమును తీసికొనిపోవచ్చును. తొంబది డిగ్రీల వరకు ఎత్తి విడువవచ్చును. ఒక మీటరు లోలకము కొద్దిగా ఊగినపుడు రెండు సెకనుల ఆవర్తన కాలము చూపును. తొంబది డిగ్రీలనుండి విడిచినచో అది నూటికి పదునెనిమిది వంతులు పెరిగి 2.4 సెకనులకు చేరువయగును. కంపన పరిమితి తక్కువగా నుండవలెనని మనము రికార్డులో వ్రాయించు 'జాగ్రత్త' ఎందులకో పిల్లలకు ఇచటనే మొదటిసారి కనిపించును. ఆవర్తన కాలమును తనంత తానే కొలిచిపెట్టు గడియారము కూడ ఇందు కలదు. నా ఫిర్యాదు దానిమీద. దానిని వాడినచో తరగతిలో ముప్పదిమందికి ముప్పది ఒకే సంఖ్యలు వచ్చును. కొలతయనిన ఇట్లే యుండునని వారు నమ్ముదురు. నిజమైన కొలతకు ఎప్పుడును ఒక తోక యుండును. ఇంతకు ఇంత అటునిటు అని చెప్పనిదే అది కొలత కాదు. ఆ తోకను తెర కత్తిరించివేసినది. అందుచేత ఆ గడియారమును వాడవద్దని చెప్పి, చేతితో నొక్కి నడుపు రెండవ గడియారమునే వాడింతును. అదియు అనుకరణలోనే యున్నది. అప్పుడు ముప్పదిమందికి ముప్పది రకములు వచ్చును.

మెప్పు వేరొక దానిమీద. చంద్రుడు, భూమి, గురుడు అను పేర్ల క్రింద 'ఎక్స్ గ్రహము' అని ఒకటి కలదు. దాని గురుత్వ త్వరణమెంతయో అనుకరణ చెప్పదు. ఏ పాఠ్యపుస్తకములోను అది లేదు. క్రిందినుండి మీదికి లెక్కగట్టుటకు జవాబే లేదు!

క్రిందటి యేడు దీనిని మొదటి సంవత్సరపు విద్యార్థులకు ఇచ్చితిని. ఆరు గుంపులుగా కూర్చుండిరి. మొదట పది నిమిషములు ఎవరును గడియారమును ముట్టలేదు. ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. తరువాత ఒక గుంపు అయిదు డోలనములు లెక్కించినది, ఇంకొకటి ఇరువది లెక్కించినది. ఆరు గుంపులకును ఆరు విలువలు వచ్చినవి. ఎవరిది సరియైనదని నన్నడిగిరి. నాకు తెలియదని చెప్పితిని. నిజముగనే నేనప్పటికి కొలువలేదు. ఐదు డోలనములవారి విలువ తక్కినవానికి దూరముగా నుండుటెందులకని వాదము బయలుదేరినది. ఎక్కువ డోలనములు లెక్కించినపుడు చేతి తడబాటు వాని అన్నిటిమీదను పంచబడునని వెనుక బల్లమీది పిల్లవా డొకడు కనిపెట్టెను. గంట కొట్టినను లేవక, అయిదు డోలనములవారు మరల నలుబది లెక్కించి వచ్చిరి. ఆనాటి రికార్డులలో మొదటిసారి కొట్టివేతలు కనిపించినవి. ఆరు విలువలును, వాని సగటును, ఎంత అటునిటు అన్నదియు వ్రాసిరి. నేనును ఆ సాయంకాలము ఇంటిలో కూర్చుండి కొలిచితిని. నా విలువ వారి సగటునకు దగ్గరగనే వచ్చినది. ఆ సంఖ్యను ఇచట వ్రాయుట లేదు. ఈ పత్రికను విద్యార్థులు కూడ చదువుదురు.